డెమో ఎవరి కోసం, ఆల్బమ్ ఎవరి కోసం

విశాఖలో రాక్ సంగీతం వినేవాళ్ల మధ్య తెగని తగువు ఒకటుంది. ఆర్కే బీచ్ గట్టు మీద సాయంత్రం నలుగురు చేరితే, వాళ్లలో ఒకరి ఫోన్‌లోనైనా ఒకే పాట రెండు రకాలుగా ఉంటుంది. ఒకటి లోకమంతా విన్న ఆల్బమ్ వెర్షన్. రెండోది అంతకుముందు చేసిన డెమో, అంటే నమూనా రికార్డింగ్. ఇయర్‌ఫోన్స్ చెరో చెవికి పంచుకుని రెండూ వింటారు. "డెమోలో ప్రాణం ఉందిరా, ఆల్బమ్‌లో పాలిష్ ఎక్కువైపోయింది" అని ఒకరంటారు. "ఆ గరగరలో నీకేం వినబడిందిరా ప్రాణం?" అని ఇంకొకరు ఎదురు తగులుకుంటారు. మురీ మిక్చర్ పొట్లాలు ఖాళీ అయినా మాట తెగదు.

తెగకపోవడానికి కారణం ఉంది. ఇద్దరూ అడుగుతున్నది ఒకటే: ఏది బాగుంది అని. దానికంటే ముందు అడగాల్సిన ప్రశ్న ఒకటి మిగిలిపోతోంది. ఈ రికార్డింగ్ ఎవరు వినాలని చేశారు? డెమో అంటే సగంలో ఆగిన ఇల్లు, ఆల్బమ్ అంటే రంగులేసిన ఇల్లు అనుకోవడం అలవాటైపోయింది. ఉత్తరాలతో పోలిస్తే విషయం బాగా తెలుస్తుంది. డెమో తెలిసినవాళ్లకు రాసిన చీటీ. తోటి వాయిద్యకారుడికో, ప్రొడ్యూసర్‌కో, ఒక్కోసారి రాసుకున్నవాడు తనకు తానేనో. ఆల్బమ్ ముక్కూమొహం తెలియనివాళ్లకు రాసిన ఉత్తరం. తెలిసినవాళ్లకు రాసేటప్పుడు చాలా సంగతులు చెప్పక్కర్లేదు. తెలియనివాళ్లకు రాసేటప్పుడు ప్రతిదీ అర్థమయ్యేలా పేర్చాలి. రెండు వెర్షన్ల మధ్య వినిపించే తేడాల్లో చాలావరకు ఇక్కడే పుడతాయి.

ఒక పాటను దగ్గరగా చూద్దాం. అమెరికా రాక్ బ్యాండ్ నిర్వాణా పాట 'స్మెల్స్ లైక్ టీన్ స్పిరిట్' 1991 సెప్టెంబరులో 'నెవర్‌మైండ్' ఆల్బమ్‌తో బయటికొచ్చింది. అదే ఏడాది తొలి నెలల్లో రిహార్సల్ గదిలో ఆ పాట వాయించి, మామూలు టేప్ రికార్డర్‌లో క్యాసెట్ మీదకి ఎక్కించారు. ఆ క్యాసెట్‌ను ప్రొడ్యూసర్ బుచ్ విగ్‌కు పంపారు. 2004లో వచ్చిన 'విత్ ద లైట్స్ అవుట్' సెట్‌లో ఆ రిహార్సల్ డెమో అందరికీ దొరికింది. అభిమానులు అప్పటి నుంచి ఆల్బమ్‌తో పక్కపక్కన పెట్టి వింటూనే ఉన్నారు.

మొదటిసారి వినేవాళ్లకు ఆ డెమో ఒక ముద్దలా వినబడుతుంది. గిటార్ ఎక్కడ ఆగి డ్రమ్స్ ఎక్కడ మొదలయ్యాయో పోల్చుకోవడం కష్టం. మాటలు కొన్ని తెలుస్తాయి, కొన్ని అసలు తెలియవు, కొన్నయితే ఇంకా పూర్తిగా రాయనే లేదు. చాలామందికి నచ్చేదీ ఆ ముద్దతనమే. "ఇదిరా అసలు నిర్వాణా" అంటారు. కానీ అందులో బ్యాండ్ చేసినదెంత, టేప్ రికార్డర్ చేసినదెంత? ఆ రకం రికార్డర్లలో చిన్న మైకు లోపలే ఉంటుంది. గదిలో డ్రమ్స్ పూర్తి బలంతో మోగితే దానికి అంత చప్పుడు తట్టుకునే శక్తి లేదు, ధ్వని చిట్లిపోతుంది. పైగా చాలా రికార్డర్లలో చప్పుడు స్థాయిని సర్దే ఏర్పాటు కూడా ఉంటుంది. గట్టిగా ఉన్నదాన్ని అణుస్తుంది, మెల్లగా ఉన్నదాన్ని పైకి లేపుతుంది. ఈ పాట నిలబడిందే మెల్లని చరణానికీ విరుచుకుపడే పల్లవికీ మధ్య తేడా మీద. క్యాసెట్‌లో ఆ తేడా సగానికి సగం చచ్చిపోయింది. డెమోలో కనిపించే మొరటుతనం నిజమే. అందులో ఒక వాటా మాత్రం ఆ చిన్న మైకుది.

మరి అలాంటి క్యాసెట్ వల్ల ఉపయోగమేమిటి? అది ఎవరి కోసమో గుర్తు తెచ్చుకుంటే తెలుస్తుంది. 1990 ఏప్రిల్‌లోనే విస్కాన్సిన్ రాష్ట్రం మాడిసన్‌లోని స్మార్ట్ స్టూడియోస్‌లో విగ్ ఈ బ్యాండ్‌తో పనిచేశాడు. బ్యాండ్ గాయకుడు కర్ట్ కోబేన్ గొంతు ఎలా ఉంటుందో, గిటార్ ఎలా మోగిస్తాడో ఆయనకు తెలుసు. కొత్తగా తెలియాల్సినవి రెండే. బ్యాండ్‌లోకి కొత్తగా వచ్చిన డ్రమ్మర్ డేవ్ గ్రోల్ ఎలా వాయిస్తాడన్నది ఒకటి, పాట అస్థిపంజరం ఏమిటన్నది రెండోది. ఆ రెండూ క్యాసెట్ చెప్పేసింది. తెలిసినవాడికి అది చాలు. అదే క్యాసెట్ ఏమీ తెలియని శ్రోత చేతిలో పడితే గోల అనిపించి అక్కడే ఆపేసి ఉండేవాడు.

లాస్ ఏంజెలెస్‌లో సౌండ్ సిటీ స్టూడియోకి వచ్చాక విగ్ కొన్ని మార్పులు సూచించాడు. పల్లవిని కాస్త కుదించారు, గిటార్ ముక్క ఒకదాని చోటు మార్చారు. వాయిద్యాలన్నీ కలిపి మూడు టేకులు తీసుకుని రెండోదాన్ని ఉంచారు. ఒకే గొంతును రెండుసార్లు పాడించి ఒకదాని మీద ఒకటి వేయడం కోబేన్‌కు ఇష్టం లేదు, అది మోసం అనిపించేది. బీటిల్స్ బ్యాండ్ గాయకుడు జాన్ లెనన్ కూడా అలాగే పాడాడని విగ్ చెప్పాక ఒప్పుకున్నాడు. చివరికి మిక్సింగ్, అంటే విడివిడిగా ఎక్కించిన ధ్వనులను ఒక్కటిగా కలిపే పని, ఆండీ వాలెస్ చేశాడు. తర్వాతి రోజుల్లో ఆ మిక్స్ మరీ నునుపుగా ఉందని కోబేన్ బాహాటంగానే అన్నాడు. డెమో పక్షం వాళ్లు తరచూ ఈ మాటనే ఆయుధంగా వాడతారు. అయితే చరణం గుసగుసలా మొదలై పల్లవి మీదపడే ఆ విసురు లేకపోతే, ఏ దేశంలోనో ఇంగ్లిష్ సరిగా రాని పిల్లలకు కూడా ఆ పాట ఒక్క వినికిడిలో పట్టేది కాదు. ఆ విసురు ఆల్బమ్‌లోనే ఉంది. ఈ ఒక్క పాట వరకు ఆల్బమ్‌దే పైచేయి.

రెండు వెర్షన్లను పోల్చేటప్పుడు చెవి చేసే మోసం గురించి కూడా చెప్పుకోవాలి. సగం గొడవలు అక్కడే పుడుతున్నాయి. ఒకే పాటను రెండుసార్లు వినిపించి, రెండోసారి వాల్యూమ్ కొంచెం, అంటే పెంచినట్టు కూడా తెలియనంత, పెంచితే చాలామంది రెండోదే బాగుందంటారు. గట్టిగా ఉంది అనరు. "క్లారిటీ ఉంది", "నిండుగా ఉంది" అంటారు. 1933లో బెల్ ల్యాబ్స్‌లో ఫ్లెచర్, మన్సన్ అనే ఇద్దరు పరిశోధకులు చెవి గుణాన్ని కొలిచి చూపించారు. చప్పుడు తగ్గేకొద్దీ చెవి ముందుగా వదిలేసేది బేస్‌ను. అందుకే మెల్లగా ఉన్న రికార్డింగ్ సన్నగా, రక్తం లేనట్టు అనిపిస్తుంది. ఆల్బమ్‌లను మాస్టరింగ్‌లో, అంటే విడుదలకు ముందు దిద్దే చివరి మెరుగుల్లో, గట్టిగా తయారుచేస్తారు. డెమోలు మెల్లగానే ఉండిపోతాయి. యూట్యూబ్ మరీ గట్టిగా ఉన్నవాటిని తగ్గిస్తుంది గానీ మెల్లగా ఉన్నవాటిని పైకి లేపదు. కాబట్టి అక్కడ వరసగా రెండు వెర్షన్లు వింటే పోటీ మొదలవకముందే డెమో ఓడిపోయి ఉంటుంది. దీనికి మందు తేలిక. డెమో పెట్టినప్పుడు, రెండింటిలోనూ గాయకుడి గొంతు ఒకే ఎత్తులో వినిపించేదాకా వాల్యూమ్ పెంచాలి. ఆ తర్వాతే మాట్లాడుకోవాలి. ఇది చేయకుండా ఇచ్చే తీర్పుకు విలువ లేదు.

ఎక్కడ కూర్చుని వింటున్నామన్నది కూడా లెక్కలోకి వస్తుంది. బీచ్ గట్టు మీద వినేవాళ్లు డెమో వైపు మొగ్గడం, అదే మనుషులు ఎంవీపీ కాలనీలో తలుపులేసుకున్న గదిలో వింటే ఆల్బమ్ వైపు మొగ్గడం జరుగుతుంటుంది. అందులో వింతేమీ లేదు. అల విరిగే చప్పుడులో లోతైన గర్జన నుంచి సన్నని నురగ శబ్దం దాకా అన్ని రకాల ధ్వనీ ఉంటుంది. క్యాసెట్ వెనక నిరంతరం వినిపించే 'స్‌స్' శబ్దం కూడా ఆ జాతిదే. అలలు దాన్ని మింగేస్తాయి. దాంతో డెమోకున్న పెద్ద లోపం మాయమైపోతుంది. ఆల్బమ్‌లో స్టూడియోవాళ్లు ఎంతో శ్రద్ధగా అమర్చిన సన్నని సొగసులు, గొంతు ఆగాక గాలిలో కరిగిపోయే రీవెర్బ్ తోక లాంటివి, అవీ అలల్లో కలిసిపోతాయి. ఒకదాని లోపమూ ఇంకొకదాని అందమూ ఒకే దెబ్బకు పోయాక మిగిలేది గొంతూ గిటారే. అప్పుడు డెమో గెలవకపోతే ఆశ్చర్యపోవాలి.

ముందు ఏది విన్నామన్నది మరో చిక్కు. 1968లో రాబర్ట్ జాయన్స్ అనే మనస్తత్వవేత్త ఒక సంగతి చూపించాడు. ఏదైనా పదేపదే ఎదురైతే, వేరే కారణం ఏమీ లేకుండానే దాని మీద ఇష్టం పెరుగుతుంది. స్టూడియోల్లో పనిచేసేవాళ్లకు ఇది రోజువారీ తలనొప్పి. పాట రాసినవాళ్లు తమ డెమోనే నెలల తరబడి విని విని, అసలు రికార్డింగ్ ఎంత బాగా వచ్చినా ఏదో పోయిందని దిగులు పడుతుంటారు. దానికి 'డెమోయిటిస్' అని జబ్బు పేరులాంటి పేరు కూడా పెట్టుకున్నారు. అభిమానులది తలకిందుల జబ్బు. వాళ్లు ఆల్బమ్‌నే ఏళ్ల తరబడి విని ఉంటారు. డెమో చేతికి రాగానే అరిగిపోయిన పాట మళ్లీ కొత్తగా వినబడుతుంది. ఆ కొత్తదనాన్నే గొప్పదనం అనుకునే ప్రమాదం ఉంది. ఒక నెల ఆగి మళ్లీ వింటే ఏది నిలుస్తుందో తెలిసిపోతుంది.

పాత తరం విశాఖ శ్రోతల విషయంలో ఇంకో పొర కూడా ఉంది. సీడీలు రాకముందు చాలామందికి ఇంగ్లిష్ పాటలు దొరికింది రికార్డింగ్ షాపుల్లోనే. ఖాళీ క్యాసెట్ కొని, కావాల్సిన పాటల పేర్లు కాగితం మీద రాసిచ్చి, రెండ్రోజుల తర్వాత వెళ్లి తెచ్చుకునేవారు. అది ఎన్నో చేతులు మారిన కాపీ. ఊళ్లో తేమ గాలికి రీలు మీద బూజు తెల్లగా పొడలు కట్టేది. టేపు జారితే పెన్సిల్ దూర్చి చుట్టుకునేవారు. అలా విన్న పాట తర్వాత సీడీలో వింటే "ఇది వేరే వెర్షన్‌లా ఉందే" అనిపించేది. చాలాసార్లు వెర్షన్ అదే, మారింది వేగం. క్యాసెట్ సెకనుకు 4.76 సెంటీమీటర్ల వేగంతో నడవాలి. మోటారు కాస్త ఎక్కువ తిరిగి 5.04 సెంటీమీటర్లు నడిపితే, అంటే దాదాపు ఆరు శాతం పెరిగితే, పాట మొత్తం ఒక స్వరస్థానం పైకి వెళ్లిపోతుంది. శుద్ధ మధ్యమం మోగాల్సిన చోట ప్రతి మధ్యమం మోగుతుంది. నాలుగు నిమిషాల పాట 13, 14 సెకన్లు ముందే అయిపోతుంది. గాయకుడి గొంతు ఐదారేళ్లు చిన్నదైపోతుంది. ఆ రోజుల డెమోల్లో ఎక్కువ భాగం క్యాసెట్ మీద బతికినవే కాబట్టి, "డెమోలో హుషారు ఎక్కువ" అని తేల్చే ముందు ఒక తంబురా యాప్‌తోనో కీబోర్డుతోనో రెండింటి శ్రుతీ సరిచూడాలి. శ్రుతి, వేగం రెండూ ఒకే పాళ్లలో పెరిగి ఉంటే ఆ హుషారు మోటారుదేనని గట్టిగా అనుమానించవచ్చు. శ్రుతి అలాగే ఉండి వేగం మాత్రమే పెరిగితే అది వాయించినవాళ్లదే.

టేపు వేగం, శ్రుతి ముడిపడి ఉండటాన్నే పనిముట్టుగా వాడుకున్న పాట ఒకటుంది. బీటిల్స్ 'స్ట్రాబెర్రీ ఫీల్డ్స్ ఫరెవర్' 1967 ఫిబ్రవరిలో వచ్చింది. దాని కథ 1966 శరత్కాలంలో స్పెయిన్‌లో మొదలైంది. అక్కడ సినిమా షూటింగ్‌లో ఉన్న లెనన్ పాట రాయడం మొదలుపెట్టి, ఇంట్లో గిటార్ మీద ముక్కలు ముక్కలుగా రికార్డు చేసుకున్నాడు. 1996లో 'ఆంథాలజీ 2'లో ఆ డెమో ముక్కలు, స్టూడియోలో తీసిన మొదటి టేకు బయటికొచ్చాయి. ఇంటి డెమో వింటే, ఒక మనిషి తనలో తాను గొణుక్కుంటున్నట్టే ఉంటుంది. ఒక వరుస పట్టుకుంటాడు, వదిలేస్తాడు, మళ్లీ వెతుక్కుంటాడు. వినేవాళ్లు ఉన్నారన్న ధ్యాసే లేదు.

మొదటి టేకులో పాట చరణంతో మొదలవుతుంది. విడుదలైన పాట పల్లవితో మొదలవుతుంది. చూడటానికి చిన్న మార్పు. కానీ ఈ వ్యాసం మొత్తం చెబుతున్నది ఆ ఒక్క మార్పులో కనిపిస్తుంది. చరణంతో మొదలైనప్పుడు ఒకడు తన ఆలోచనలో తానున్నాడు, మనం పక్కనుండి వింటున్నాం. పల్లవితో మొదలైనప్పుడు అతను మన వైపు తిరిగి, రమ్మని పిలుస్తున్నాడు. మాటలు అవే. ఎవరితో మాట్లాడుతున్నాడన్నది మారిపోయింది.

ఆ తర్వాత జరిగింది ఇంజనీరింగ్ అద్భుతమే. ఏడో టేకు నెమ్మదిగా, కలలా ఉంది. ఇరవయ్యారో టేకులో బీటిల్స్ ప్రొడ్యూసర్ జార్జ్ మార్టిన్ రాసిన ట్రంపెట్లు, చెల్లోలు ఉన్నాయి. అది మరింత వేగంగా, మరింత పై శ్రుతిలో ఉంది. లెనన్‌కు ఒకదాని మొదలు, ఇంకొకదాని చివర కావాలి. శ్రుతులు వేరు, వేగాలు వేరు, అతకడం ఎలా? ఒకటి ఎక్కువ శ్రుతి, ఎక్కువ వేగం. ఇంకొకటి తక్కువ శ్రుతి, తక్కువ వేగం. టేపు వేగం మారిస్తే శ్రుతి, లయ రెండూ ఒకేసారి మారతాయి కదా, మార్టిన్, ఇంజనీర్ జెఫ్ ఎమెరిక్ కలిసి వేగాలు సర్ది రెండింటినీ ఒక దగ్గరకి తెచ్చారు. పాట సరిగ్గా నిమిషం నిండే చోట అతుకు ఉంది. తెలిసి వింటే గొంతు అక్కడ కాస్త బరువెక్కడం పట్టుకోవచ్చు. తెలియకుండా విన్న కోట్లాదిమందికి అనుమానం కూడా రాలేదు. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని, గడియారం చూస్తూ ఆ నిమిషం దగ్గర ఒకసారి ఆగి వినమని ఎవరికైనా చెప్పాలనిపిస్తుంది.

ఇక డెమోయే ఆల్బమ్ అయిపోయిన సందర్భం. 1982 జనవరిలో న్యూజెర్సీలోని కోల్ట్స్ నెక్‌లో, అద్దె ఇంటి గదిలో అమెరికా రాక్ గాయకుడు బ్రూస్ స్ప్రింగ్‌స్టీన్ నాలుగు ట్రాకుల టియాక్ క్యాసెట్ మెషీన్ ముందు కూర్చున్నాడు. పెట్టుకున్న పని ఒక్కటే: పాటలు ఎలా ఉన్నాయో తన బ్యాండ్‌కు వినిపించడం. ఆ క్యాసెట్‌ను డబ్బా కూడా లేకుండా జేబులో వేసుకుని కొన్ని వారాలు తిరిగాడు. తర్వాత స్టూడియోలో బ్యాండ్‌తో అవే పాటలు వాయిస్తే కుదరలేదు. చివరికి జేబులో తిరిగిన ఆ క్యాసెట్ నుంచే, ఎన్నో తిప్పలు పడి మాస్టరింగ్ చేసి, అదే ఏడాది సెప్టెంబరులో 'నెబ్రాస్కా' పేరుతో విడుదల చేశారు. బ్యాండ్‌తో చేసిన ప్రయత్నాలు చాలాకాలం దాగి ఉండి 2025లో గానీ బయటికి రాలేదు.

ఆ జనవరి క్యాసెట్‌లోనే 'బోర్న్ ఇన్ ద యూఎస్ఏ' కూడా ఉంది. డెమోలో అది ఒంటరి మనిషి పాట. వియత్నాం యుద్ధం నుంచి తిరిగొచ్చి, ఊళ్లో పని దొరకని మాజీ సైనికుడి గోడు. ఒక్క గిటార్, చీకటి గదిలో ప్రతిధ్వనించే గొంతు. అదే పాట 1984 ఆల్బమ్‌లో రాయ్ బిటన్ సింథసైజర్‌తో, మాక్స్ వైన్‌బర్గ్ స్నేర్ డ్రమ్ దెబ్బలతో జెండా ఊరేగింపులా మారిపోయింది. చాలామంది దాన్ని దేశభక్తి గీతమనే అనుకున్నారు. ఆ సెప్టెంబరులో ఎన్నికల ప్రచారంలో అమెరికా అధ్యక్షుడు రీగన్ న్యూజెర్సీకి వచ్చి, ఆ గాయకుడి పాటల్లో ఆశ ఉందని మెచ్చుకున్నాడు. డెమో 1998లో 'ట్రాక్స్' సెట్‌లో వచ్చాక, ఇంత దుఃఖం అంత చప్పుడు కింద ఉండిపోయిందా అని అభిమానులు నివ్వెరపోయారు. ఇక్కడ మాత్రం డెమో వైపు నిలబడక తప్పదు. మాటలు ఏం చెబుతున్నాయో సంగీతం కూడా అదే చెప్పింది డెమోలోనే. ఆల్బమ్ వెర్షన్‌ది తప్పు అనలేం. స్టేడియం నిండా ఉన్న మనుషులకు చెప్పాలంటే గొంతు పెంచాలి. గొంతు పెంచితే గోడు కాస్తా నినాదం అవుతుంది.

మెటల్ అభిమానులకైతే ఈ పోలిక ఒక చరిత్ర పాఠం. మెటాలికా 1982 డెమో క్యాసెట్‌లోని 'ద మెకానిక్స్' మరుసటి ఏడాది తొలి ఆల్బమ్‌లో మాటలు మారి, మధ్యలో నెమ్మదైన భాగం చేరి 'ద ఫోర్ హార్స్‌మెన్' అయింది. బ్యాండ్ నుంచి బయటికి పంపేసిన గిటారిస్టు డేవ్ మస్టెయిన్ 1985లో తన మెగాడెత్ బ్యాండ్‌తో పాత రూపాన్నే మరింత దౌడు తీయించాడు. ఒకే డెమోకి ఇద్దరు వారసులు. ఎవరిది అసలు అన్న వాదం ఇప్పటికీ నడుస్తోంది.

రెండు రూపాలను పక్కపక్కన పెట్టి చూడటం ఉత్తరాంధ్రకు కొత్త విద్య కాదు. గురజాడ 'కన్యాశుల్కం' మొదట 1892లో రంగస్థలం ఎక్కింది, 1897లో అచ్చయింది. 1909లో వచ్చిన రెండో కూర్పు దాదాపు మళ్లీ రాసిన నాటకం. మధురవాణి మొదటి కూర్పులో ఎంత, రెండో కూర్పులో ఎంత అని సాహిత్యాభిమానులు తరాలుగా లెక్కపెడుతున్నారు. పోల్చే పద్ధతి అదే, శ్రద్ధ అదే. ఒక్క తేడా గమనించాలి. మొదటి కూర్పు కూడా జనం చూడాలనే ఆడింది, జనం చదవాలనే అచ్చయింది. కాబట్టి అది డెమో కాదు, ముందు వచ్చిన ఆల్బమ్ లాంటిది. డెమో అనదగ్గది రచయిత తన కోసం రాసుకున్న చిత్తుప్రతి. రాక్ అభిమానులు కూడా ఈ తేడా పట్టించుకుంటే మంచిది. ముందు సింగిల్‌గా వచ్చి, ఆల్బమ్ కోసం మళ్లీ రికార్డు చేసిన పాటను డెమో అనేస్తుంటారు. కచేరీలో పాడిన తొలి రూపాన్నీ డెమో అనేస్తుంటారు. అవి రెండూ పరాయివాళ్ల కోసం చేసినవే.

తెలుగు సినిమా పాటలోనూ డెమోకు దగ్గరి చుట్టం ఉంది. ట్రాక్. ముందు ట్రాక్ సింగర్ పాడతారు. అది విని దర్శకుడు ఓకే అంటాడు, అసలు గాయకుడు దాని మీద తన గొంతు పెడతాడు. ఆ ట్రాక్‌లు మామూలుగా బయటికి రావు. వస్తే తెలుగు శ్రోతలు కూడా సరిగ్గా ఇవే వాదాలు చేసుకునేవారు. రాక్‌లో డెమోలు బయటికి రావడానికి, వాటికి అంత విలువ రావడానికి కారణం ఆ సంగీతంలోనే ఉంది. రాసినవాడే పాడతాడు, పాడినవాడే వాయిస్తాడు. అందుకే చిత్తులో కూడా అసలు మనిషే దొరుకుతాడు.

ఇప్పుడు సొంతంగా పాటలు చేస్తున్న విశాఖ కుర్రాళ్లకు డెమోకీ ఆల్బమ్‌కీ మధ్య గీత చెరిగిపోతోంది. ల్యాప్‌టాప్, చిన్న ఆడియో ఇంటర్‌ఫేస్, ఒక మైకు ఉంటే చాలు, డెమోకి వాడిన ట్రాకునే ఫైనల్ మిక్స్‌లోకి లాగేయవచ్చు. స్లాబ్ గది, నున్నటి టైల్స్, నాలుగు గోడలూ ధ్వనిని తిప్పికొడుతుంటే, పరుపు నిలబెట్టి దాని ముందు పాడతారు. మే నెలలో కూడా ఫ్యాన్ ఆపాల్సిందే. సరిగ్గా మంచి టేకు పడుతున్నప్పుడే వంటింట్లో కుక్కర్ విజిల్ వేస్తుంది. ఆ విజిల్ ఉన్న టేకు పనికిరాదని మళ్లీ పాడితే, మొదటిసారి వచ్చిన ఆ గొంతు రాదు. అప్పుడు టెన్షన్ మొదలవుతుంది. విజిల్‌తో సహా ఉంచాలా, శుభ్రంగా ఉన్నదాన్ని ఉంచాలా? ఎవరికి వినిపించబోతున్నారో తేల్చుకుంటే జవాబు అదే వస్తుంది. బ్యాండ్‌లో డ్రమ్మర్‌కు పంపడానికైతే విజిల్ అడ్డం కాదు. పరాయివాళ్లకైతే, పాట మొదటి పది సెకన్లలో విజిల్ వస్తే వాళ్లు వినేది పాటను కాదు, వంటింటిని. మధ్యలో ఎక్కడో, పాటలో పడిపోయాక వస్తే పట్టించుకోకపోవచ్చు.

'నెవర్‌మైండ్' తయారుచేసినవాళ్లకు కూడా ఇలాంటి నిర్ణయమే ఎదురైంది. ఆల్బమ్‌లోని 'పాలీ' పాటను సౌండ్ సిటీలో మళ్లీ చేయలేదు. 1990 ఏప్రిల్‌లో స్మార్ట్ స్టూడియోస్‌లో చేసినదాన్నే మిక్స్ చేసి పెట్టేశారు. అందులో అక్కడక్కడా వినిపించే సింబల్స్ దెబ్బలు గ్రోల్‌వి కావు, అంతకుముందు డ్రమ్మర్ చాడ్ చానింగ్‌వి. గిటార్ పాతది, చవకది, దాని మీద మిగిలినవి ఐదే తీగలు, అవీ మోత చచ్చినవి. ఉప్పుగాలికి తీగలు ఇట్టే తుప్పు పట్టే విశాఖలో గిటార్ వాయించేవాళ్లు ఆ చచ్చిన మోతను వెంటనే గుర్తుపడతారు. రికార్డింగ్ ఉందంటే ఇక్కడ అందరూ ముందురోజే కొత్త తీగలు వేసుకుంటారు. ఆ పాటకు మాత్రం కొత్త తీగలు వేసి ఉంటే, ఆ మెరుపు ఆ గొంతు పక్కన అసలు సరిపడేది కాదు.